భోజనాల డబ్బు ముందే కట్టేశారు, నాకేమో షుగరు: దరింగబాడి టూర్లో ఎలా నెట్టుకురావాలి?

బరంపురం పిన్ని:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. నాకు 56 ఏళ్ళు, షుగర్ వచ్చి పదకొండేళ్ళు. మూడేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నాను. 30/70 మిక్స్, పొద్దున 18 యూనిట్లు, రాత్రి 10. రెండు పూటలా మెట్‌ఫార్మిన్ కూడా. పోయిన నెల చేయించిన మూడు నెలల సగటు టెస్టు 7.8 వచ్చింది. డాక్టర్‌గారు మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు.

మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. మా పెళ్ళిరోజని మాకు చెప్పకుండా డిసెంబరులో ఒక టూర్ బుక్ చేసేశాడు. మినీ బస్సులో పద్నాలుగు మందిమి, చాలావరకు మా వీధివాళ్ళే. మొదటి రోజు వేడినీళ్ళ గుండం ఉన్న తప్తపాణి, రాత్రి అక్కడే. రెండో రోజు చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో టిబెటన్ల గుడి చూసుకుని కొండల్లోని దరింగబాడి, అక్కడ రెండు రాత్రులు. నాలుగో రోజు ఇంటికి.

తిండి మొత్తం ప్యాకేజీలోనే. మనిషికి రోజుకు 850 రూపాయలు ముందే కట్టేశాడు. కూపన్ల పుస్తకం ఇంటికి వచ్చింది. టిఫిన్‌కి పసుపు, మధ్యాహ్నానికి ఆకుపచ్చ, రాత్రికి గులాబీ, సాయంత్రం టీకి, పకోడీకి తెలుపు. ప్రతి గులాబీ కూపన్ మీదా ‘స్వీట్ 1’ అని అచ్చు వేశారు. వాడని కూపన్‌కి డబ్బు వెనక్కి ఇవ్వరని అట్ట వెనకాల రాసుంది.

ఇంట్లో అయితే నాకు ఇబ్బంది లేదు. పొద్దున ఏడున్నరకి సూది, ఎనిమిదికి రెండు ఇడ్లీలో, ఒక గ్లాసు చోడి అంబలో. ఒంటిగంటకి కొంచెం అన్నం, ఎక్కువ కూర. రాత్రి ఎనిమిదికి రెండు పుల్కాలు. అక్కడ టిఫిన్ ఎనిమిదిన్నర తర్వాత, భోజనం ఒకటిన్నర తర్వాత, రాత్రి తొమ్మిది తర్వాత అని రాశారు. తొమ్మిది తర్వాత అంటే గిన్నెలు ఎన్నింటికి వస్తాయో మీకు తెలియనిది కాదు. నా టెన్షన్ అంతా ఆ రాత్రి భోజనం గురించే.

రెండేళ్ళ కిందట మా ఆడపడుచువాళ్ళతో ఇలాంటి టూరుకే వెళ్ళాను. కట్టిన డబ్బుకి తినాలి కదా అని మూడు రోజులూ తిన్నాను. వదిలేస్తే నష్టం అన్నట్టు తిన్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే 342. మళ్ళీ దారికి రావడానికి పది రోజులు పట్టింది.

మా ఆయనకి షుగర్ లేదు. లెక్కల జబ్బు ఉంది. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసిన మనిషి, ఒక్క కూపన్ మిగిలినా నిద్రపోరు. ‘నీ స్వీట్లు నా ఖాతాలో వేసెయ్’ అని ఇప్పటినుంచే అంటున్నారు.

ఇంతకీ నా ప్రశ్నలు: సూది ఎప్పుడు వేసుకోవాలి? హోటలువాళ్ళని అడిగితే నాకోసం ఏమైనా మారుస్తారా? లేక నా తిండి నేనే మూటకట్టుకుని పోవాలా? వెళ్ళడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

పర్లాకిమిడి మాస్టారు:

అమ్మా, నాకు 71. షుగర్‌తో కాపురం ఇరవై రెండేళ్ళు. ఒక్క మాట ముందు చెప్పేస్తాను. ప్లేటు కళ్ళపడేదాకా సూది గాని, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గాని ఒంట్లోకి పోకూడదు.

ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. కాశీ యాత్ర బస్సు, భోజనాలతో సహా డబ్బు ముందే కట్టాం. వెనకాల వంటబండి వస్తుంది. పొద్దున ఏడింటికి ‘టిఫిన్ వచ్చేస్తోంది’ అని ఎవరో కేకేశారు. ఆ మాట నమ్మి గ్లిమెపిరైడ్ వేసేసుకున్నాను. వంటబండి టైరు పేలి నలభై కిలోమీటర్లు వెనకాల ఆగిపోయింది. ఎనిమిదిన్నర అయింది, తొమ్మిదిన్నర అయింది. షుగర్ పడిపోయి ముందు చేతులు వణికాయి. తర్వాత ఎదురుగా దుకాణం బోర్డు మీద అక్షరాలు తెలుస్తున్నాయి గాని కలిపి చదవలేకపోయాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి అక్షరాలు దిద్దించినవాణ్ణి! మా ఆవిడ చెయ్యి పట్టుకుంటే ‘ఎవరమ్మా నువ్వు, వదులు’ అన్నానట. నాకు గుర్తులేదు, ఆవిడ మాత్రం ఈనాటికీ మర్చిపోలేదు. బస్సు క్లీనరు కుర్రాడు టీ కొట్టులోంచి పిడికెడు పంచదార తెచ్చి నీళ్ళలో కలిపి పట్టించాడు.

ఇంట్లో వంట మన గడియారం ప్రకారం అవుతుంది. ప్యాకేజీలో మన గడియారం వాళ్ళ వంటని బట్టి నడవాలి. ఏం తినాలన్న దిగులు కంటే అది ఎన్నింటికి వస్తుందన్న దిగులు పెద్దది.

ఇంకోటి. నీ ఇన్సులిన్ అరగంట ముందు వేసుకునే రకమా, తినబోతూ వేసుకునే రకమా? 30/70లో పాత రకానికి అరగంట ముందు అంటారు, కొత్త రకాలు ప్లేటు ముందు కూర్చుని వేసుకోవచ్చు. సీసా పట్టుకెళ్ళి డాక్టర్‌గారినే అడుగు.

ఇచ్ఛాపురం కుర్రాడు:

ఆంటీ, నాలుగు రోజులకి ఇంత ఆలోచనా? మా బాబాయ్ ఏ పెళ్ళికెళ్ళినా ఒక నాలుగు యూనిట్లు ఎక్స్‌ట్రా కొట్టి ఫుల్లుగా లాగిస్తాడు. ఏమీ కాలేదు ఇప్పటిదాకా. కూపన్లు వదలకండి. లేదంటే కాకరకాయ పొడి ఒక డబ్బా పట్టుకెళ్ళండి, అదే చూసుకుంటుంది.

రాయగడ సిస్టర్:

తమ్ముడూ, మీ బాబాయ్‌కి ఏమీ కాలేదంటే ఆయన అదృష్టం. దాన్ని ఇంకొకళ్ళకి చీటీ రాసివ్వకు. మిక్స్ ఇన్సులిన్‌లో నాలుగు యూనిట్లు పెంచితే స్వీటుకి సరిపడా ఆ గంటసేపే పనిచేసి ఊరుకోదు. రాత్రి పెంచింది తెల్లవారుజామున మూడింటికి కూడా లోపల పనిచేస్తూనే ఉంటుంది. దరింగబాడి చలిలో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న మనిషికి చెమట పడుతోందని ఎవరు చూస్తారు? కాకరకాయ పొడి జోలికి నేను పోను. కాకరకాయ వేపుడు పెడితే మాత్రం తింటాను.

అక్కా, నేను ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. మీరు రాత్రి భోజనం గురించి భయపడుతున్నారు. నాకు మీ మధ్యాహ్నం భోజనం మీదే అనుమానం. 30/70 అంటే అందులో ముప్పై వంతులు వెంటనే పనిచేసేది, డెబ్బై వంతులు నిదానంగా పనిచేసేది. పొద్దున వేసిన 18 యూనిట్లలో ఆ డెబ్బై వంతులు సరిగ్గా మధ్యాహ్నానికి ఊపందుకుంటాయి. అంటే మధ్యాహ్నం భోజనానికి కావలసిన సూది మీరు పొద్దునే వేసేసుకున్నట్టు లెక్క. రాత్రి భోజనం ఆలస్యమైతే సూది ఆపి కూర్చోవచ్చు. మధ్యాహ్నం ఆలస్యమైతే ఆపడానికి మీ చేతిలో ఏమీ ఉండదు, అది అప్పటికే లోపల ఉంది. కొండల్లో చూసే చోట్లు తిరిగి తిరిగి బస్సు మూడింటికి హోటలు చేరుతుంది చూడండి. ఒంటిగంటకల్లా ఏదో ఒకటి తినేయండి. గుప్పెడు ఉడికించిన శనగలు, రెండు మేరీ బిస్కట్లు అయినా సరే.

మీటర్లో 70 కంటే తగ్గితే పదిహేను గ్రాముల గ్లూకోజు, అంటే మూడు టీ చెంచాల పొడి నీళ్ళలో కలుపుకుని తాగాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి. పెరగకపోతే ఇంకోసారి. తర్వాతే తిండి. ఆ సమయంలో చాక్లెట్టు, చెనాపొడ (పాల విరుగుడు కాల్చి చేసే స్వీటు) లాంటివి పెట్టకూడదు. వాటిలో కొవ్వు ఉంటుంది కాబట్టి తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే. ఇది మీకంటే బావగారికి బాగా తెలియాలి.

ఇన్సులిన్ బస్సులో వదలకండి. పగలు ఎండలో వేడెక్కుతుంది, రాత్రి చలికి బిగుసుకుపోతుంది. దరింగబాడిలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో గడ్డి మీద తెల్లగా మంచు పేరుకున్న రోజులున్నాయి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనికిరాదు, పారేయాల్సిందే. వాడుతున్న సీసా మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా ఉంటుంది, ఫ్రిజ్ కోసం వెతుక్కోనక్కర్లేదు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని రాత్రి గదిలోకి తెచ్చుకోండి చాలు.

సిరంజిలు ఇక్కడినుంచే తీసుకెళ్ళండి. మన సీసాలు ఎక్కువగా 40 రకం, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు, వాటికి ఎర్ర మూత సిరంజి. కొత్త ఊళ్ళో కంగారులో 100 రకం సిరంజి ఇచ్చారనుకోండి, నారింజ మూతది, అందులో 18 గీత దాకా లాగితే మీ ఒంట్లోకి వెళ్ళేది ఏడు యూనిట్లు మాత్రమే.

చివరిగా తప్తపాణి. ఆ వేడినీళ్ళ గుండంలో కాళ్ళు పెట్టకండి అక్కా. పదకొండేళ్ళ షుగర్‌కి పాదాల్లో స్పర్శ ఎంత తగ్గిందో మీకే తెలియదు. అందరూ ‘ఆహా’ అంటుంటే మీకూ హాయిగానే ఉంటుంది. సాయంత్రానికి బొబ్బలు కనిపిస్తాయి. పైగా సూది వేసుకున్నాక వేడినీళ్ళు తగిలితే ఇన్సులిన్ మామూలు కంటే త్వరగా రక్తంలోకి పోతుంది.

గోపాలపురం వంటిల్లు:

పిన్నిగారూ, నేను పన్నెండేళ్ళుగా హోటళ్ళ వంటింట్లో పనిచేస్తున్నాను, ఇప్పుడు గోపాలపూర్ బీచ్ దగ్గర. లోపలి సంగతి చెప్తాను.

ముందు మీ వోచరు మీద ఏం రాసుందో చూడండి. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గదితోపాటు టిఫిన్. ఎంఏపీ అంటే టిఫిన్, ఇంకొక్క పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలూ. (ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ అనుకుని ‘మేము ఒడిశావాళ్ళం, మాకు వర్తిస్తుందా’ అని రిసెప్షన్‌లో అడిగిన పెద్దాయన ఉన్నాడు, ఒట్టు.) మీది ఏపీ అయి ఉంటుంది.

మీకు మార్చి ఇస్తారా అంటే, ఇస్తారు. కాని అడిగే వేళ ఒకటుంటుంది. వడ్డించేటప్పుడు వెయిటర్ని అడిగితే ‘చూస్తాను మేడం’ అంటాడు, చూడడు. ముందురోజు సాయంత్రం ఐదు, ఆరు మధ్య మేము రేపటి సరుకు రాసుకుంటాం. అప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికే వచ్చి ‘బాబూ, రేపు పొద్దున పద్నాలుగు మందిలో ఒకరికి పూరీ వద్దు, రెండు గుడ్లు ఉడకబెట్టు, నాకు ఇన్సులిన్’ అంటే మాకు ఏ కష్టమూ లేదు. గుడ్డు మాకు పూరీ కంటే తేలిక. స్వీటుకి బదులు పెరుగో, గుడ్డో అడగండి. కూపన్ మాకు కాగితమే, సంఖ్య సరిపోతే చాలు. ఇన్సులిన్ అన్న మాట మర్చిపోకండి. ‘షుగర్ ఉంది’ అంటే పథ్యం అనుకుంటారు, వచ్చినవాళ్ళలో సగం మంది అదే చెప్తారు. ‘సూది వేసుకుంటే టైముకి తినాలి’ అంటే భయపడి ముందు మీకే పెడతారు.

తీపి కనబడని చోట ఎక్కడెక్కడ ఉంటుందో వినండి. టమాటా ఖట్టా పచ్చడి కాదు, అందులో బెల్లమో పంచదారో, ఖర్జూరాలో పడతాయి. చెంచాడు నాలికకి రాసుకుని వదిలేయండి. హోటల్ సూపు చిక్కగా ఉందంటే కార్న్‌ఫ్లోర్ ఉన్నట్టే. పనీరు గ్రేవీలో జీడిపప్పు ముద్ద, పులుపు విరగడానికి పంచదార. దహీ బైగణలో, అంటే పెరుగు వంకాయలో కూడా ఒక చిటికెడు వేసేవాళ్ళున్నారు. ముఢీ తేలికని సాయంత్రం గిన్నెడు తింటారు, మరమరాలు తేలికే గాని షుగరు ఎక్కడంలో అన్నానికి ఏమీ తీసిపోవు. ఇంక టీ, పెద్ద డ్రమ్ములో పంచదార కలిపేసే వస్తుంది. ‘చిని పొకాంతు నాహిఁ’ (పంచదార వెయ్యకండి) అని అది కాచకముందే చెప్పాలి.

మంచి సంగతి ఏంటంటే ఒడియా వంట మీకు శత్రువు కాదు. దాల్మాలో పప్పు, అరటికాయ, బొప్పాయికాయ, వంకాయ ఉంటాయి. ఉల్లిపాయ మసాలా లేని సంతుళా అడగండి, ఉడికించిన కూరగాయలకి పోపు, అంతే. పొద్దున ఘుగునీ (బఠాణీల కూర) ఉంటే రెండు గరిటెలు వేయించుకోండి. బంగాళాదుంప మాత్రం మావాళ్ళు అన్నిట్లోనూ వేస్తారు, ప్లేటు పక్కకి నెట్టేయండి.

బరంపురం పిన్ని:

అందరికీ దండాలు. సిస్టర్, మీరు మధ్యాహ్నం గురించి రాసింది చదివి నేను కాసేపు అలాగే కూర్చున్నాను. మూడేళ్ళుగా పొడుచుకుంటున్నాను, అందులో డెబ్బై వంతులు మధ్యాహ్నానికని నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

నిన్న డాక్టర్‌గారి దగ్గరికి వెళ్ళాను. మాస్టారు చెప్పినట్టే సీసా పట్టుకెళ్ళాను. నాది పాత రకమేనట, అరగంట ముందు వేసుకునేది. కాని టూర్లో ఆ అరగంటకి కట్టుబడొద్దు, గిన్నెలు బల్ల మీదకి వచ్చాకే వేసుకో, ఆ నాలుగు రోజులూ తిన్నాక కొంచెం ఎక్కువ కనిపించినా ఫరవాలేదు, తగ్గిపోవడం మాత్రం వద్దు అన్నారు. వాంతులై ఏమీ తినలేకపోతే నీ అంతట నువ్వు ఇన్సులిన్ మానేయొద్దు, ఫోన్ చెయ్ అన్నారు. తర్వాత నా చెప్పులు చూసి, ‘వీటితో కొండెక్కుతావా’ అని షూ కొనుక్కోమన్నారు. మా ఆయన ఆ ఖర్చు కూడా టూరు ఖాతాలోనే రాశారు.

పర్లాకిమిడి మాస్టారు:

గ్లూకోజు పొడి నీ సంచిలో ఒక పొట్లం, మీ ఆయన జేబులో ఒక పొట్లం. ఒక్కచోటే పెట్టకు. అవసరమైనప్పుడు ఆ సంచి బస్సు డిక్కీలో ఉంటుంది.

బరంపురం పిన్ని:

వచ్చేశాం. మూడు రోజులైంది వచ్చి, బట్టలు ఉతకడం అయ్యాక రాస్తున్నాను.

తప్తపాణిలో సిస్టర్ మాట విని గుండంలోకి దిగలేదు. మా ఆయన పంచె ఎగగట్టి దిగి, రెండు నిమిషాల్లో బయటికి గెంతారు, పాదాలు కందగడ్డల్లా అయ్యాయి. స్పర్శ ఉన్న మనిషికే అలా అయితే నా సంగతేమిటి అనిపించింది. గట్టు మీద కూర్చుని చూశాను, అంతే. మధ్యాహ్నం గుప్పెడు అన్నం, రెండు గరిటెల దాల్మా, చేప. ముందు కూర, చేప తినేసి అన్నం చివర్లో తిన్నాను. రెండు గంటల తర్వాత 188. ఇంట్లో కూడా ఒక్కోరోజు అంతే వస్తుంది నాకు.

రాత్రి తొమ్మిదిన్నరైనా గిన్నెల జాడ లేదు. సూది చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పక్క బల్ల మీద పిల్ల ‘అమ్మమ్మా, ఎవరికి పొడుస్తావు’ అని అడిగింది. పది అవుతుండగా పుల్కా వచ్చింది, అప్పుడు వేసుకున్నాను. ఏడింటికి ఉడికించిన శనగలు తిని ఉన్నాను కాబట్టి నీరసం రాలేదు. పొద్దున చూసుకుంటే 146.

దరింగబాడిలో మొదటి తెల్లవారి మీటరు పనిచెయ్యలేదు. ఏదో ఎర్రర్ అని చూపిస్తోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పాడైందనుకున్నాను. హోటలు కుర్రాడు చూసి, ‘చలికి అమ్మా, మొన్న ఇంకొకాయనకీ ఇలాగే’ అన్నాడు. శాలువా లోపల పొట్టకి ఆనించుకుని పది నిమిషాలు కూర్చుంటే చక్కగా 131 చూపించింది. వేళ్ళు కూడా రుద్దుకుంటే గాని చుక్క రక్తం రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అదే రోజు. వంటింటి బాబు చెప్పినట్టు ముందు సాయంత్రమే గుమ్మం దగ్గరికెళ్ళి చెప్పి వచ్చాను కాబట్టి, పొద్దున నా ప్లేటులో ఒక్క పూరీ, ఘుగునీ, రెండు గుడ్లు. తొమ్మిదింటికి సూది, తిండి. బాగానే ఉంది. తర్వాత కాఫీ తోట. మిరియాల తీగలు చెట్లకి పాకి భలే ఉన్నాయి, ఎంత దూరం నడిచామో తెలియలేదు. ఒంటిగంటకి తినాలని నాకు తెలుసు. మీ అందరి చేతా చెప్పించుకున్నదాన్ని. కాని శనగల డబ్బా, గ్లూకోజు అన్నీ ఉన్న సంచి బస్సులో వదిలేశాను. బస్సు కింద ఎక్కడో ఆగింది. ఇంకో పది నిమిషాలే కదా అనుకుంటూ ఒకటిముప్పావు చేశాను.

స్వెట్టరు లోపల చెమట పట్టింది. అంత చలిలో! ముందు నడిచి నడిచి అనుకున్నాను. మా వీధి సుబ్బమ్మక్క ఏదో అడిగితే జవాబు చెప్పడానికి మాట దొరకలేదు. మెడలో మీటరు సంచి ఉంది కాబట్టి సరిపోయింది. 63.

మా ఆయన ఏం చేశారంటే, ముందురోజు రాత్రి నా గులాబీ కూపన్ మీద తీసుకుని కాగితంలో కట్టి జేబులో దాచిన చెనాపొడ ముక్క తీశారు. ‘తిను, తీపే కదా!’ నేను వద్దని చెయ్యి ఊపుతున్నాను, మాట రావట్లేదు, ఆయనేమో మొహమాటం అనుకున్నారు. ఆఖరికి ‘రెండో జేబు’ అనగలిగాను. మాస్టారూ, మీ పొట్లం ఆ రెండో జేబులో ఉంది. నీళ్ళ సీసాలో పోసి తాగాను. పదిహేను నిమిషాలకి 84. ఒకరి దగ్గర వేరుశనగలు, ఇంకొకరి దగ్గర బిస్కట్లు దొరికాయి. హోటలు చేరేసరికి రెండుంబావు దాటింది, వంటింటి బాబు చెప్పినట్టు నా ప్లేటు ముందే పెట్టి ఉంచారు.

ఆ తర్వాత మా ఆయన నా స్వీట్ల మాట ఎత్తలేదు. రాత్రి స్వీటు కూపన్‌కి పెరుగు తెచ్చి నా ముందు పెట్టారు.

మొత్తం మీద నాలుగు రోజుల్లో ఎక్కువ కనిపించింది ఒక్కసారే, 231. అది కూడా రెండో రాత్రి పనీరు కూర రుచిగా ఉందని మూడో పుల్కా తిన్నందుకు. చెనాపొడ ఎప్పుడూ తినలేదా అంటే, ఆఖరి రోజు మధ్యాహ్నం అన్నం మానేసి సగం ముక్క తిన్నాను. అంచున నల్లగా మాడిన వైపు. అది వదలడం నావల్ల కాదు.

ఇచ్ఛాపురం కుర్రాడు:

ఆంటీ, సారీ. మా బాబాయ్‌కి ఇది మొత్తం చదివి వినిపించాను. ఆయన తన సిరంజి మూత రంగు చూసుకోవడానికి లేచి వెళ్ళాడు.

రాయగడ సిస్టర్:

63 అప్పుడు మీటరు మెడలో ఉండటం మంచిదైంది అక్కా. ఇంటికొచ్చాక పాదాలు చూసుకున్నారా? కొత్త షూతో నడిచారు కదా, వేళ్ళ మధ్య, మడమ వెనక. వంగలేకపోతే అద్దం కింద పెట్టి చూడండి.

బరంపురం పిన్ని:

చూశాను. ఎడమ మడమ మీద చిన్న ఎర్రటి మచ్చ ఉంది, బొబ్బ కాదు. రేపు డాక్టర్‌గారికి చూపిస్తాను.

పర్లాకిమిడి మాస్టారు:

అమ్మా, జిరంగ్ గురించి రాయలేదు. మోమోలు తిన్నావా లేదా? కూపన్లు ఎన్ని మిగిలాయి?

బరంపురం పిన్ని:

తిన్నాను మాస్టారూ. అవి ప్యాకేజీలోవి కావు, సొంత డబ్బుతో. ఎనిమిది వస్తే నేను నాలుగు, కూరగాయల సూపు తాగాక. రెండు గంటలకి 171.

కూపన్లు తెల్లవి రెండు మిగిలాయి, పకోడీవి. మా ఆయన పర్సులో ఉన్నాయి. తేదీ దాటిపోయిందండీ అంటే, ఉండనీ, మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగి చూద్దాం అంటున్నారు.